పాత బండిని వదిలించుకోవడం: గుమ్మం దాటితే చాలదు, మీ పేరు కూడా దాటాలి

ఒకరోజు మా బాబాయి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు చలానా. అందులో ఉన్న నంబరు చూసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ స్కూటర్‌ని మూడేళ్ల క్రితమే వీధిలోకి వచ్చిన పాత ఇనుప సామాను అతనికి అమ్మేశారు. అతను తూకం వేసి, డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆ బండి ఎప్పుడో ముక్కలై కరిగిపోయి ఉంటుందనే మేమంతా అనుకున్నాం. ఆర్సీ పుస్తకం మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది, బాబాయి పేరు మీదే ఉంది. చలానా ఫొటోలో కనిపించింది ఆయన స్కూటర్ కూడా కాదు. వేరే ఎవరిదో బండి, దానికి ఈయన నంబరు ప్లేటు. అది నాది కాదు మహాప్రభో అని నిరూపించుకోవడానికి ఆయన తిరిగిన తిరుగుడులో సగం నేనూ తిరిగాను. అమ్మినట్టు కాగితం ముక్క లేదు. కొన్నవాడి పేరు తెలియదు, ఊరు తెలియదు.

అందుకే వాకిట్లో పాత బండి పెట్టుకుని "ఎవరికిస్తే ఎంతొస్తుంది?" అని అడిగేవాళ్లకు నేను ముందు వేరే ప్రశ్న వేస్తాను. "ఎవరికిస్తే మీ పేరు పోతుంది?" అని. డబ్బు సంగతి ఆ తర్వాత.

ముందు ఒక భయం తీసేద్దాం

"పదిహేనేళ్లు దాటితే కారు తుక్కు చేయాల్సిందేనట కదా" అని చాలామంది టెన్షన్ పడుతుంటారు. మన రాష్ట్రాల్లో సొంత బండికి అలాంటి రూలు లేదు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్ల గొడవ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది, కోర్టు ఆదేశాల మీద వచ్చినది. 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యూ చేయకూడదన్న మాట ప్రభుత్వ శాఖల బండ్లకు, 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తోంది. మీ ఇంటి కారు ఫిట్‌నెస్ పాసైతే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు.

కాబట్టి "మీ కారు గడువైపోయింది, రేపోమాపో పోలీసులు పట్టుకెళ్తారు, ఇప్పుడే నాకిచ్చేయండి" అని ఎవరైనా తొందర పెడితే, అది బేరం తగ్గించడానికి వేసే ఎత్తు. నిదానంగా ఆలోచించుకునే టైము మీకుంది.

ఏ కొలతతో పోల్చాలి

మొదటిది, అన్నిటికంటే పెద్దది: రికార్డులో మీ పేరు తీసేయడం. మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే యజమాని. బండి చేతులు మారినా పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం భారం రికార్డులో ఉన్న యజమాని మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో కారు ఒకరి నుంచి ఒకరికి వరసగా చేతులు మారింది, ఆర్సీలో పేరు మాత్రం మొదటాయనదే. చివరికి బాధ్యత ఆయన మీదే పడింది. చలానా అయితే వందల్లో, వేలల్లో పోతుంది. ప్రమాదమైతే లక్షల్లో మాట. బండిని ఎవరైనా నేరానికి వాడితే స్టేషన్ నుంచి మొదటి ఫోన్ మీకే వస్తుంది.

రెండోది చేతికొచ్చే డబ్బు. ఇందులో రెండు భాగాలున్నాయి: ఇవాళ ఇచ్చే రొక్కం, తర్వాత కొత్త బండి కొంటే కలిసొచ్చే రాయితీ. చాలామంది మొదటిదే చూస్తారు.

మూడోది, బండిని ఇంటి నుంచి ఎవరు తీసుకెళ్తారు, ఆ ఖర్చు ఎవరిది అన్నది. టైర్లు నేలకు అంటుకుపోయిన బండికి ఇదే అసలు సమస్య.

నాలుగోది మీ కాగితాల పరిస్థితి. లోను తీరిందా, చలానాలు ఉన్నాయా, ఆర్సీ దొరుకుతోందా, యజమాని బతికే ఉన్నారా. దారి ఎంచుకోవడంలో సగం వీటి చేతిలోనే ఉంటుంది.

ఐదోది, బండిలో ఉన్న విషాలు ఎక్కడికి పోతాయన్నది. పాత ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, బ్యాటరీలోని సీసం, యాసిడ్, ఏసీ గ్యాస్. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే, పేలడానికి సిద్ధంగా ఉన్న మందు కూడా. తుక్కు దుకాణం వెనక నల్లగా జిడ్డు పట్టిన నేలను ఒక్కసారి చూసినవాళ్లకు ఇది చిన్న విషయంలా అనిపించదు. ఆ పక్కనే బోరు ఉంటుంది, పిల్లలు ఆడుకుంటుంటారు.

ఒక్క చూపులో

| దారి | పేరు తొలగుతుందా | డబ్బు | బండి తరలింపు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రం | తొలగుతుంది, రుజువుగా సర్టిఫికెట్ ఇస్తారు | తూకం రేటు, పైన కొత్త బండి మీద రాయితీ | చాలా చోట్ల వాళ్లే. ఖర్చు ముందే అడగాలి | నడవని బండి, కాగితాలు సరిగా ఉన్నవాళ్లు |
| షోరూంలో ఎక్స్ఛేంజ్ | పేరు మార్పు పూర్తయితేనే | ఎక్స్ఛేంజ్ బోనస్‌తో కలిపి బాగుండొచ్చు | మీరే నడిపి తీసుకెళ్లాలి | వెంటనే కొత్తది కొనేవాళ్లు |
| నడిచే బండిని నేరుగా అమ్మడం | ఆర్టీఏ బదిలీ అయితేనే | అన్నిటికంటే ఎక్కువ | కొనేవాళ్లే | ఫిట్‌నెస్ ఉన్న బండి |
| బీమా టోటల్ లాస్ | మీరు పట్టుబట్టి రద్దు చేయించుకుంటే | ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) లెక్క | బీమా కంపెనీ, లేదా మిగిలిన బండిని కొన్నవాళ్లు | ప్రమాదం, వరద, మంటల్లో పోయిన బండి |
| వీధి తుక్కు దుకాణం | తొలగదు | చేతిలో రొక్కం | వాళ్లే, ఆ రోజే | నా లెక్కలో ఎవరికీ కాదు |
| ఉంచుకుని రెన్యువల్ | అక్కర్లేదు | ఎదురు ఖర్చు | లేదు | మంచి కండిషన్‌లో ఉండి, నిజంగా వాడేవాళ్లు |

గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రం

2021 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల కింద వచ్చినవి ఇవి. కాగితాల్లో ఆర్‌వీఎస్‌ఎఫ్ అని కనిపిస్తుంది, అంటే నమోదైన వాహన తుక్కు కేంద్రం. ప్రతి జిల్లాలోనూ ఇవి లేవు. పరివాహన్ పోర్టల్‌లోని వాహన స్క్రాపింగ్ విభాగంలో వీటి జాబితా దొరుకుతుంది. బోర్డు మీద "గవర్నమెంట్ అప్రూవ్డ్" అని రాసుకున్నంత మాత్రాన నమ్మకండి, జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోండి. మీ బండి ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయినా సరే, దేశంలో ఏ కేంద్రంలోనైనా ఇవ్వొచ్చు. కర్నూలు వాళ్లకు పక్క రాష్ట్రంలోని కేంద్రమే దగ్గరైతే అక్కడికే ఇవ్వండి.

ఇక్కడ పని రెండు కాగితాలతో ముగుస్తుంది. బండి అప్పగించగానే వచ్చేది సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్, వాడుకలో సీడీ అంటారు. బండిని విప్పేసి తుక్కు చేశాక వచ్చేది సర్టిఫికెట్ ఆఫ్ వెహికల్ స్క్రాపింగ్. మొదటిది రాయితీ కోసం. రెండోది మీ బండి ఇక లేదనడానికి రుజువు. చాలామంది మొదటిది చేతికి రాగానే రెండోదాన్ని మరిచిపోతారు. ఆ పొరపాటు చేయకండి.

తీసుకునే ముందు ఆ నంబరు మీద లోను, బకాయిలు, కేసులు, బ్లాక్‌లిస్టు ఉన్నాయేమో వాహన్ డేటాబేస్‌లో చూస్తారు, దొంగ బండ్ల రికార్డుతోనూ సరిపోలుస్తారు. ఏదైనా తేలితే బండి తీసుకోరు. ఇది కొంతమందికి విసుగు తెప్పిస్తుంది. నాకైతే ఈ దారి మీద నమ్మకం కలిగించేదే అది. అన్నీ అడిగేవాడు కాగితం కూడా సరిగ్గా ఇస్తాడు.

ఇక డబ్బు. కేంద్రం స్క్రాపింగ్ పాలసీలో చెప్పిన అంచనా ప్రకారం తుక్కు విలువ కొత్త బండి ఎక్స్‌షోరూం ధరలో 4 నుంచి 6 శాతం. ఆచరణలో మీకు చెప్పేది మాత్రం కిలో రేటే. మీ ఆర్సీలో అన్‌లాడెన్ వెయిట్ అని ఒక అంకె ఉంటుంది, ఫోన్ చేసే ముందు అది చూసి పెట్టుకోండి. పాత మారుతి 800 దాదాపు 650 కిలోలు. కిలోకి 25 రూపాయలు అనుకుంటే 16,250. ఈ రేటు లెక్క కోసం అనుకున్నదే, ఇనుము ధరను బట్టి మారుతుంటుంది. అందులోంచి బ్యాటరీ లేదని కొంత, టోయింగ్‌కి కొంత కోయొచ్చు. అందుకే "కిలోకి ఎంత?" అని కాకుండా "అన్నీ పోగా నా బ్యాంకు ఖాతాలో ఎంత పడుతుంది?" అని అడగండి.

అదే కారుకి వీధి చివర దుకాణంవాడు 20 వేలు ఇస్తానంటాడు. ఎందుకు ఎక్కువ ఇవ్వగలుగుతున్నాడు? ఇంజన్, గేర్‌బాక్స్, తలుపులు, లైట్లు విడివిడిగా అమ్ముకుంటాడు. సైలెన్సర్ వైపు ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి, ఆ సంగతి అతనికి తెలుసు, మనకు తెలియదు. ఆయిల్‌ని, గ్యాస్‌ని పద్ధతిగా తీసే ఖర్చు అతనికి లేదు. ఆ నాలుగు వేల తేడా అక్కడి నుంచే వస్తోంది.

రాయితీ కూడా కలిపి చూస్తే లెక్క మారిపోతుంది. సీడీ చూపిస్తే కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. రోడ్డు ట్యాక్స్‌లో సొంత బండికి 25 శాతం వరకు, రవాణా బండికి 15 శాతం వరకు తగ్గింపు ఇవ్వొచ్చని కేంద్రం చెప్పింది. "వరకు" అన్న మాట గమనించండి. అసలు ఎంత ఇవ్వాలో రాష్ట్రం నిర్ణయిస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దేని లెక్క దానిదే కాబట్టి, కొత్త బండి రిజిస్టర్ చేయించే చోట ఇప్పుడు ఎంత నడుస్తోందో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి. లైఫ్ ట్యాక్స్ లక్ష పడే కారుకి పూర్తి 25 శాతం దొరికితే 25 వేలు మిగులుతాయి. దుకాణంవాడు ఎక్కువిచ్చిన నాలుగు వేలు దాని ముందు ఎంత? కంపెనీ తరఫున కూడా స్క్రాపేజ్ డిస్కౌంట్ ఉందేమో షోరూంలో అడగండి. మీరు అడగకపోతే వాళ్లు చెప్పకపోవచ్చు.

కొత్త బండి కొనే ఉద్దేశం లేకపోయినా సీడీ వృథా కాదు. దాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో వేరేవాళ్లకు బదిలీ చేయొచ్చు. ఇంట్లో తమ్ముడో, అల్లుడో బండి కొనబోతుంటే వాళ్లకి పనికొస్తుంది. దానికి గడువుంటుంది, తేదీ చూసుకోండి.

ఈ దారిలో నాకు కనిపించే లోటు ఒకటే: టూవీలర్లకు గిట్టుబాటు తక్కువ. నూటపది కిలోల బండి కోసం 80 కిలోమీటర్లు లారీ పంపితే ఎవరికీ మిగలదు. అలాంటప్పుడు వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు పిలిపించండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో దుమ్ము కొట్టుకుపోతున్న బండ్లకు ఇది చక్కగా కుదురుతుంది. అసోసియేషన్ నోటీసు పెట్టి యజమానులందరి సంతకాలూ తీసుకుంటే ఒక్క ట్రిప్పులో సెల్లార్ ఖాళీ అవుతుంది.

షోరూం ఎక్స్ఛేంజ్, సెకండ్ హ్యాండ్ డీలర్లు

బండి ఇంకా స్టార్ట్ అవుతుంటే దీన్నొకసారి చూడండి. ఎక్స్ఛేంజ్ బోనస్‌తో కలిపితే తుక్కు రేటుకన్నా బాగా ఎక్కువ రావొచ్చు. అయితే బోనస్ ఎక్కువ చూపించి, కొత్త బండి మీద ఇచ్చే మామూలు డిస్కౌంట్ తగ్గించడం కూడా జరుగుతుంటుంది. పాత బండి ఇవ్వకపోతే కొత్తదాని ధర ఎంత, ఇస్తే ఎంత, రెండూ కాగితం మీద రాయించుకోండి.

అసలు చిక్కు మళ్లీ పేరు దగ్గరే. పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకుంటారు. బండి వేరే డీలర్‌కి, అక్కడి నుంచి ఇంకొకరికి పోతుంది. ఈ గోల తగ్గించడానికే 2023 ఏప్రిల్ నుంచి అధీకృత డీలర్ల పద్ధతి వచ్చింది. అలాంటి డీలర్‌కి బండి అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో ఆర్టీఏకి తెలియజేస్తారు, అప్పటి నుంచి బాధ్యత డీలర్‌ది. కాబట్టి ఒక్క మాట అడగండి: "మీకు ఆథరైజేషన్ ఉందా, 29సి చేస్తారా?" చేస్తామంటే బండివ్వండి. మాట దాటేస్తుంటే వేరే చోటు చూసుకోండి.

నేరుగా అమ్మడం

నడిచే బండికి ఇదే ఎక్కువ డబ్బు తెస్తుంది, సందేహం లేదు. కానీ పద్నాలుగేళ్ల బండిని కొనేవాళ్లలో రెండు రకాలుంటారు. నిజంగా నడుపుకునేవాళ్లు ఒకరు. తక్కువకి కొని, పార్టుల కోసం విప్పుకునేవాళ్లు ఇంకొకరు. రెండో రకం వాళ్లు పేరు మార్చుకోరు, ఎందుకంటే వాళ్లకి ఆర్సీతో పనే లేదు. "పేరు మార్పు ఖర్చు నేనే పెట్టుకుంటాను, ఇద్దరం కలిసి వెళ్లి చేయిద్దాం" అని చెప్పి చూడండి. వద్దంటే ఎవరో అర్థమైపోతుంది. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు ఆర్టీఏకి తెలియజేయడం అమ్మిన మీ బాధ్యత అని కూడా గుర్తుంచుకోండి.

బీమా టోటల్ లాస్

బండి వరదలో మునిగిందో, గుద్దుకుని నుజ్జయిందో అనుకుందాం. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కిస్తారు. ఐడీవీ అంటే పాలసీలో బండికి కట్టిన విలువ. ఇలాంటి బండిని క్లెయిమ్ తేలకముందే తుక్కుకి ఇచ్చేస్తే నష్టపోయేది మీరే. సర్వేయర్ చూసి రాసుకునే దాకా బోల్టు కూడా విప్పనివ్వకండి.

మిగిలిన బండిని, అంటే సాల్వేజ్‌ని, మీరు ఉంచుకుంటే దాని విలువ తగ్గించి ఇస్తారు. కంపెనీ ద్వారా వేరేవాళ్లకు పోతే, ఆర్సీ రద్దు ఎవరు చేయిస్తారో రాతపూర్వకంగా అడగండి. ఇక్కడ జాగ్రత్త ఎందుకంటే, నుజ్జయిన బండి ఆర్సీకి, చాసిస్ నంబరుకీ దొంగల దగ్గర మంచి గిరాకీ ఉంటుంది. దొంగిలించిన అదే మోడల్ బండికి మీ నంబరు వేసేస్తారు. మోటారు వాహనాల చట్టంలో 55వ సెక్షన్ ప్రకారం వాడకానికి శాశ్వతంగా పనికిరాకుండా పోయిన బండి గురించి యజమాని 14 రోజుల్లో, లేదా వీలైనంత త్వరగా ఆర్టీఏకి తెలిపి, ఆర్సీ అప్పగించాలి. ఈ పని మీ చేత్తో మీరే చేయండి.

ఉంచుకోవడం

మంచి కండిషన్‌లో ఉన్న బండిని కేవలం వయసు చూసి తుక్కు చేయమని నేను చెప్పను. కానీ లెక్క వేసుకోండి. 15 ఏళ్లు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 5,000, బైకుకి 1,000. 2025 ఆగస్టులో వచ్చిన సవరణ ప్రకారం 20 ఏళ్లు దాటితే కారుకి 10,000, బైకుకి 2,000. వీటికి గ్రీన్ ట్యాక్స్, బీమా, ఫిట్‌నెస్ పాసవడానికి చేయించే రిపేర్లు అదనం. రెన్యువల్ ఆలస్యం చేస్తే కారుకి నెలకి 500, బైకుకి 300 చొప్పున పెరుగుతూ పోతుంది. "చూద్దాంలే" అని వాకిట్లో వదిలేసిన బండిని రెండేళ్ల తర్వాత మళ్లీ తీద్దామనుకుంటే ఆలస్యం రుసుమే కారుకి 12,000. నాన్న కొన్న కారని, అందులోనే అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లామని దాచుకునేవాళ్లున్నారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. అయితే కవర్ కప్పి ఎలుకలకు వదిలేయకండి. నడపండి, లేదా గౌరవంగా సాగనంపండి.

ఇంకోటి. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన పర్యావరణ నిబంధనల ప్రకారం జీవితకాలం ముగిసిన బండిని యజమాని 180 రోజుల్లోపు గుర్తింపు ఉన్న కేంద్రానికో, కంపెనీ పెట్టిన సేకరణ కేంద్రానికో అప్పగించాలి. రిజిస్ట్రేషన్ చెల్లకుండా మూలన పడి ఉన్న బండి కూడా అందులోకే వస్తుంది.

కాగితాలు సరిగా లేకపోతే

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆగి, విసిగిపోయి, చివరికి వీధి దుకాణానికి ఇచ్చేస్తారు.

లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోవడం చాలా మామూలు. కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చుకుని హైపోథికేషన్ తీయించుకోవాలి. ఆ ఎన్‌ఓసీ పాతబడిపోతే మళ్లీ కొత్తది అడగాల్సి రావొచ్చు. బ్రాంచి మూతపడితే హెడ్డాఫీసుకి రాయండి. లోను నంబరు దొరక్కపోతే పాత బ్యాంకు పాసుబుక్కులో కట్ అయిన ఈఎంఐ వివరాలు చూపించండి.

ఆర్సీ పోతే పోలీసు ఫిర్యాదు, ఫారం 26తో డూప్లికేట్ తీసుకోండి. చలానాలు ఉంటే కట్టేయండి. మీది కాని చలానా ఉంటే ఇప్పుడే అభ్యంతరం పెట్టండి, బండి పోయాక ఫొటోతో పోల్చి చూపించడానికి ఏమీ మిగలదు. మా బాబాయి విషయంలో జరిగింది సరిగ్గా అదే. స్కూటర్ రంగు వేరని చెప్పడానికి మా దగ్గర ఒక్క పాత పెళ్లి ఫొటోనే ఉంది, అందులో స్కూటర్ వెనక చక్రం మాత్రమే కనిపిస్తుంది.

యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదకి మార్చుకోవడం పద్ధతి. దానికి ఫారం 31 ఉంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. నేరుగా వారసుల కాగితాలతోనే తీసుకుంటారా అని కేంద్రంవాళ్లని ముందే అడిగితే ఒక తిరుగుడు తప్పొచ్చు.

లారీ లాంటివైతే ఇంకో బరువుంది. క్వార్టర్లీ ట్యాక్స్. బండి షెడ్డులో ఉన్నా, రికార్డులో బతికే ఉంది కాబట్టి పన్ను బాకీ పేరుకుపోతుంటుంది. తుక్కుకి ఇచ్చే ముందు మొత్తం బాకీ ఎంతో తీయించి చూడండి. పాత బాకీల మీద ప్రభుత్వాలు అప్పుడప్పుడు మినహాయింపులు ఇస్తుంటాయి, ఇప్పుడు ఏదైనా నడుస్తోందేమో అడగండి.

మీరు నా తోబుట్టువులైతే ఏం చెప్తాను

బండి నడవదు, కాగితాలు ఉన్నాయి, కొత్త కారు కొనే ఆలోచన ఉంది: రెండో మాట లేదు, గుర్తింపు ఉన్న కేంద్రానికే ఇవ్వండి. బండి నడుస్తుంది, కొత్తది కొంటున్నారు: ఎక్స్ఛేంజ్ ధరని ఒక పక్క, తుక్కు ధరా రాయితీలూ కలిపి ఇంకో పక్క రాసి చూడండి. పదేళ్ల లోపు బండికి ఎక్స్ఛేంజే గెలుస్తుంది, పద్దెనిమిదేళ్ల బండికి చాలాసార్లు తుక్కే గెలుస్తుంది. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి, ఊళ్లో అమ్మానాన్నలే ఉంటే, వెయ్యి తక్కువ వచ్చినా ఇంటికొచ్చి తీసుకెళ్లే కేంద్రాన్నే చూడండి. వాళ్ల చేత ఖాళీ ఫారాల మీద మాత్రం సంతకం పెట్టించకండి.

కాగితాలేవీ లేవు, బైకు తుప్పు పట్టి చట్రం మాత్రమే మిగిలింది, దగ్గర్లో కేంద్రం లేదు అంటారా? అప్పుడు కూడా బండి కంటే ముందు ఆర్సీని రద్దు చేయించండి. చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు వస్తుంది. తుప్పు మీద ముందు కాస్త ఆయిల్ రాసి తుడిస్తే అంకెలు బయటపడతాయి. ఆ అచ్చు, బండి ఫొటోలు, ఒక అర్జీ పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లండి.

బండి తీసుకెళ్లే రోజు

నంబరు ప్లేట్లు కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు, ఓడోమీటర్, చాసిస్ నంబరు ఫొటో తీసుకోండి. సీటు కింద, డాష్‌బోర్డు డ్రాలో, స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి వెతకండి. పాత కారుల్లో ఇంటి తాళాలు, బంగారం షాపు రసీదులు, పిల్లల చిన్నప్పటి గాజులు కూడా దొరుకుతుంటాయి. బ్యాటరీ, టైర్లు ముందే పీకి అమ్ముకుందామన్న ఆలోచన వద్దు, అక్కడ దొరికేదానికంటే ఇక్కడ కోత ఎక్కువ పడొచ్చు. ఫాస్టాగ్ తీసేసి, బ్యాంకులో ఖాతా మూయించండి.

తీసుకెళ్లే డ్రైవర్ చేతికి ఒరిజినల్ ఆర్సీ ఇచ్చే ముందు తేదీ, సమయం, అతని పేరు, లారీ నంబరు ఉన్న రసీదు తీసుకోండి. మీ ఆధార్ నకలు ఇస్తే దాని మీద "ఫలానా బండి తుక్కు కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి సంతకం పెట్టండి. డబ్బు బ్యాంకు ఖాతాలోకే రావాలి. "సీడీ తర్వాత పంపిస్తాం, ముందు క్యాష్ తీసుకోండి" అంటే బండి లారీ ఎక్కకుండా ఆపండి.

బీమా పాలసీ ఇంకా నడుస్తుంటే, సర్టిఫికెట్ చూపించి రద్దు చేయించుకోండి, మిగిలిన కాలానికి రావాల్సింది ఏమైనా ఉంటే ఇస్తారు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంటే దాన్ని నిలిపి ఉంచే లెటర్ కూడా అడగండి. మూడేళ్ల లోపు కొత్త బండికి అది పనికొస్తుంది, కొన్నిసార్లు తుక్కు మీద వచ్చిన డబ్బులో సగమంత ఆదా అవుతుంది.

రెండు మూడు వారాల తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో మీ పాత నంబరు కొట్టి చూడండి. "యాక్టివ్" అని కనిపిస్తే పని పూర్తి కాలేదు, కేంద్రానికి ఫోన్ చేసి రెండో సర్టిఫికెట్ అడగండి. అక్కడ రద్దయినట్టు, స్క్రాప్ అయినట్టు కనిపించిన రోజున స్క్రీన్‌షాట్ తీసి, రెండు సర్టిఫికెట్లతో కలిపి బీరువాలో పెట్టండి. ఆర్సీ పుస్తకం ఇన్నాళ్లూ ఉన్న చోటే.